కీమోలో గుండెకని కొనే పసుపు–మిరియాల క్యాప్సూళ్లు: సీసా వెనకవైపు చదివాక

బరంపురంలోనూ పర్లాకిమిడిలోనూ మందుల షాపుల్లో దొరికే సరుకే. కీమో నడుస్తున్న మనిషికి గుండె పాడవకుండా ఉంటుందని ఇంటివాళ్లే తెచ్చిపెడుతుంటారు. ప్యాకింగుకి, లెక్క దాచకుండా రాసినందుకు మంచి మార్కులే వెయ్యొచ్చు. ఆ పనికి మాత్రం సున్నా.

ఒక్కో క్యాప్సూల్‌లో 500 మిల్లీగ్రాముల పసుపు సారం, అందులో 95 శాతం కర్క్యుమినాయిడ్లు (పసుపులో పనిచేసే పదార్థాలు, వాటిలో ముఖ్యమైనది కర్క్యుమిన్), తోడుగా 5 మిల్లీగ్రాముల మిరియాల సారం. వంటింటి పసుపులో కర్క్యుమిన్ సుమారు 3 శాతం. 2019లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చిన మన కంధమాల్ పసుపైనా చారులో పడేది చిటికెడే. ఈ గొట్టం మాత్ర ఒక్కటీ దాదాపు 15 గ్రాముల పసుపుపొడికి సమానం, అంటే నాలుగైదు చెంచాలు.

గొట్టం విప్పి పొడిని గ్లాసెడు నీళ్లలో వేస్తే కరగదు. పైన తేలుతుంది, గాజు అంచుకి నారింజ రంగు చార పట్టేస్తుంది. కడుపులోనూ అదే తంతు. రక్తంలోకి వెళ్లేది బహు కొంచెం, వెళ్లినదాన్ని కాలేయం వెంటనే మార్చి పంపేస్తుంది. మిరియం కలిపేది అందుకే. 2 గ్రాముల కర్క్యుమిన్‌కి మిరియాల్లో ఘాటునిచ్చే పైపెరిన్ 20 మిల్లీగ్రాములు జోడిస్తే రక్తంలోకి చేరేది సుమారు 20 రెట్లు పెరిగిందని బెంగళూరులో 1998లో తేల్చారు.

చిక్కంతా ఆ మిరియంతోనే. పైపెరిన్ కాలేయం చేసే పారబోత పనికి అడ్డుపడుతుంది. పసుపు ఒక్కదానికే అడ్డుపడి ఊరుకోదు కదా. సీవైపీ3ఏ4 అనే ఎంజైమునీ, కణంలోంచి మందుని బయటికి తోసే పీ-గ్లైకోప్రోటీన్ అనే పంపునీ మందగింపజేస్తుంది. వార్డులో అందరూ 'ఎర్ర మందు' అనే కీమో మందు డాక్సోరూబిసిన్ బయటికి పోయే దారుల్లో ఇవీ ఉన్నాయి. అది ఒంట్లో ఎక్కువ సేపు నిలిచిపోతే, కాపాడాలనుకున్న గుండెకే ముప్పు.

ఈ మందు గుండెకి చేసే హాని మోతాదు మీద మోతాదుగా పోగవుతుంది. రొమ్ము క్యాన్సర్‌కి మామూలుగా ఇచ్చేది చదరపు మీటరు ఒంటికి 60 మిల్లీగ్రాములు, 21 రోజులకోసారి, 4 సైకిళ్లు, మొత్తం 240. అది 400 చేరేసరికి నూటికి సుమారు 5 మందిలో, 550 దగ్గర 26 మందిలో గుండె వైఫల్యం కనిపించింది. కాబట్టి ఫైల్లో చూడాల్సింది ఇప్పటిదాకా ఎక్కిన మొత్తం, ఎకో అనే గుండె స్కానులో ఈఎఫ్ అంకె (గుండె ఒక్కో దెబ్బకి బయటికి తోసే రక్తం శాతం). మొదటి ఎకోకన్నా 10 పాయింట్లకు మించి తగ్గి 53 కిందికి వస్తే ఆ రోజే అడగాలి.

ఎలుకల్లో కర్క్యుమిన్, ద్రాక్ష గింజల సారం, ద్రాక్ష తొక్కలో ఉండే రెస్వెరట్రాల్ మూడూ గుండెను కాపాడాయి, నిజమే. మనుషుల్లో విటమిన్ ఈ, ఎన్-ఎసిటైల్ సిస్టీన్ లాంటి, ఆక్సీకరణని అడ్డుకునే యాంటీఆక్సిడెంట్లు ఆ పని చేయలేకపోయాయి. కారణం ఆక్సీకరణ ఒక్కటే కాదు: గుండె కణంలోని టోపోఐసోమరేజ్-2 బీటా అనే ఎంజైముని ఈ మందు పట్టుకుని డీఎన్ఏని తెంపుతుందని 2012లో చిట్టెలుకల్లో తేలింది. ఆ చోటే అడ్డుకునే డెక్స్‌రాజోక్సేన్ అనే ఇంజెక్షన్ ఉంది. డాక్సోరూబిసిన్‌కి పదింతల మోతాదులో, దానికి ముందే రక్తనాళంలోకి ఇస్తారు. అందరికీ అక్కర్లేదు, మొత్తం 300 దాటబోతుంటే డాక్టర్ని అడగదగ్గ మాట. ల్యాబ్‌లో రొమ్ము క్యాన్సర్ కణాల మీద ఎర్ర మందు దెబ్బనే కర్క్యుమిన్ తగ్గించిన ఫలితాలూ ఉన్నాయి. షాపువాడు ఆ సంగతి ఎత్తడు.

మిగతా ఇబ్బందులు: ప్లేట్‌లెట్లు పడిపోయిన వారంలో కర్క్యుమిన్ రక్తస్రావానికి తోడవచ్చు, ఇనుము ఒంటబట్టకుండా చేయవచ్చు. మిరియం కలిపిన రకాలతో కాలేయం దెబ్బతిన్న కేసులు ఉన్నాయి. మూత్రం ముదురు పసుపైతే, కళ్లు పచ్చబడితే "పసుపు రంగేలే" అని వదిలేయకూడదు. ఎర్ర మందు ఎక్కాక ఒకటి రెండు రోజులు మూత్రం ఎర్రగా రావడం వేరు, అది మామూలే.

సీసా మీద చిన్న అక్షరాల్లో 'వైద్య అవసరాలకు కాదు' అని ఇంగ్లీషులో ఉంటుంది. కంపెనీయే చెప్పేసిందన్నమాట.

ఇప్పటికే మింగుతుంటే ఆపేసి, తర్వాతి సైకిల్‌కి ముందే డాక్టర్‌కి చెప్పాలి. పేరు చీటీ మీద రాసుకెళ్తే చాలదు, సీసానే తీసుకెళ్లాలి. పైపెరిన్ ఎంతుందో వెనకవైపే ఉంటుంది. కటక్ వెళ్లినా విశాఖ వెళ్లినా డాక్టర్ అడిగే మొదటి ప్రశ్న అదే కావచ్చు. పప్పులో పసుపు, చారులో మిరియం ఎప్పటిలా వేసుకోవచ్చు.