నీళ్ళు కారుతున్నాయని పిల్లి కనురెప్ప కోయించే ముందు ఇది చదవండి

హనుమకొండ, కాజీపేట, వరంగల్‌లో పర్షియన్ పిల్లులు పెంచుకుంటున్న వాళ్ళందరికీ ఈ మాట చేరాలని రాస్తున్నాను. కంట్లో నీళ్ళు కారుతున్నాయని చూపిస్తే ఎవరైనా "రెప్పకు చిన్న ఆపరేషన్, ఆగిపోతాయి" అంటే అక్కడికక్కడే ఒప్పుకోకండి. నేను ఒప్పుకున్నాను. మా మల్లి కుడి కన్ను ఇప్పుడు పూర్తిగా మూసుకోదు.

మల్లికి రెండున్నరేళ్ళు. తెల్ల బొచ్చు, చదును ముఖం. చిన్నప్పటి నుంచీ ముక్కు పక్కన గోధుమ రంగు చార ఉండేది, రోజూ పొద్దున గోరువెచ్చని నీళ్ళలో దూది ముంచి తుడిచేదాన్ని. పోయిన దసరా తర్వాత కుడి కంటి నీళ్ళు ఎక్కువయ్యాయి, ఆ కన్ను సగం మూసే ఉంచేది. ఇక్కడే ఒక ప్రైవేటు క్లినిక్‌కు తీసుకెళ్ళాను. డాక్టర్ టార్చ్ వేసి చూసి, కింది రెప్ప లోపలికి మడుచుకుంది, వెంట్రుకలు గుచ్చుకుంటున్నాయి అన్నారు. ఆపరేషన్, మందులు, కాలర్ అన్నీ కలిపి 8,500 రూపాయలు. ఐదు నిమిషాల్లో తేల్చేశారు. వేరే టెస్ట్ ఒక్కటి కూడా చేయలేదు.

కుట్లు విప్పాక కూడా నీళ్ళు ఆగలేదు. వాపు తగ్గితే సర్దుకుంటుంది అన్నారు. మూడో వారంలో నీళ్ళకు బదులు చిక్కటి జిగురు పుసి రావడం మొదలైంది. ఒక రాత్రి నా పక్కనే నిద్రపోతుంటే చూశాను. ఎడమ కన్ను గట్టిగా మూసి ఉంది, కుడి కంటి రెప్పల మధ్య బియ్యపు గింజంత సందు. ఆ సందులో నల్లగుడ్డు తడి లేకుండా, మసకబారిన గాజులా కనిపించింది. నాకు చేతులు వణికాయి. ఫోన్ చేస్తే మళ్ళీ అదే మాట, సర్దుకుంటుంది.

రెండు రోజులు ఆగి, బుట్టలో పెట్టుకుని కాజీపేటలో రైలెక్కి హైదరాబాద్ వెళ్ళాను. కళ్ళ జబ్బులు ప్రత్యేకంగా చూసే పశువైద్యురాలు ఆవిడ. ముందు సన్నటి కాగితం పట్టీ కింది రెప్పలో పెట్టి ఒక నిమిషం ఉంచారు. ఎన్ని మిల్లీమీటర్లు తడిసిందో చూసి కన్నీరు ఎంత ఊరుతుందో అంచనా వేస్తారట. పిల్లి భయపడితే ఆ లెక్క తగ్గుతుంది కాబట్టి ఒక్కసారి చూసి తేల్చకూడదని కూడా చెప్పారు. తర్వాత కంట్లో రంగు వేసి, గది చీకటి చేసి నీలం లైటు పెట్టారు. నల్లగుడ్డు మీద ఆకుపచ్చగా ఒక మచ్చ మెరిసింది. అది పుండు.

ఆవిడ విడమరిచి చెప్పింది నాకు అర్థమైనంత వరకు ఇదీ. కన్నీరంటే ఉత్త నీళ్ళు కావు. రెప్ప అంచులోని గ్రంథుల నుంచి వచ్చే నూనె పొర నీళ్ళ మీద ఉండి ఆరిపోకుండా కాపాడుతుంది. రెప్ప కొట్టుకున్నప్పుడల్లా ఆ తడి కన్నంతా పరుచుకుంటుంది. మిగిలింది ముక్కు వైపు మూలలో ఉన్న సన్నటి రంధ్రాల గుండా ముక్కులోకి దిగిపోతుంది. చదును ముఖం పిల్లులకు ఆ దారే వంకర తిరిగి ఉంటుంది, అందుకే నీళ్ళు బయటికి పొర్లుతాయి. రెప్ప కోసినంత మాత్రాన ఆ దారి తెరుచుకోదు. పైగా చర్మం ఎక్కువ తీసేస్తే రెప్ప కిందికి లాగేసి కన్ను మూసుకోదు, కన్నీరు పరుచుకోకుండానే ఆరిపోతుంది. మా మల్లికి జరిగింది అదే.

ఆపరేషనే తప్పు అనడం లేదు. రెప్ప నిజంగానే లోపలికి మడుచుకుని వెంట్రుకలు రాసుకుంటుంటే, సరిగ్గా చేస్తే నొప్పి పోతుంది, ఆ నొప్పి వల్ల వచ్చే నీళ్ళూ తగ్గుతాయి. కానీ కంట్లో పుండో, పిల్లులకు తరచూ వచ్చే హెర్పిస్ వైరసో ఉన్నా బాధకు రెప్ప బిగుసుకుని లోపలికి తిరుగుతుంది. మత్తు చుక్కలు వేస్తే అలా బిగుసుకున్నది వదులవుతుంది. అప్పటికీ ఎంత మడత మిగిలిందో చూసి, అంతే సరిచేయాలి. మాకు ఆ చుక్కలు వేసి చూడనే లేదు. కోసి పారేసిన చర్మాన్ని ఎవరు తిరిగి తెచ్చి పెడతారు?

కాబట్టి దయచేసి రంగు టెస్ట్, కాగితం పట్టీ టెస్ట్, మత్తు చుక్కలు, ఈ మూడూ అయ్యాకే తేదీ తీసుకోండి. రెప్పల ఆపరేషన్లు ఇంతకుముందు ఎన్ని చేశారో మొహమాటపడకుండా అడగండి. ఏం చూశారో, ఏం చేశారో కాగితం మీద రాయించుకోండి. నా దగ్గర బిల్లు తప్ప ఏమీ లేదు, అందుకే గట్టిగా నిలదీయలేకపోయాను. స్టెరాయిడ్ చుక్కలు రాస్తే, పుండు లేదని రంగు వేసి చూశారా అని తప్పకుండా అడగండి, పుండు మీద అవి పడితే ఇంకా ముదురుతుంది. ఇంకో మాట. కంటి మూలలో ఎర్రటి గడ్డలా బయటికి వస్తే అది మూడో రెప్ప గ్రంథి, కన్నీరు ఊరే చోటు. దాన్ని కోసేస్తామంటే ఒప్పుకోకండి, లోపలికి సర్ది కుట్టే పద్ధతి ఉంది.

పుండు మానడానికి దాదాపు నెల పట్టింది, సన్నటి తెల్ల మచ్చ మిగిలింది. కన్ను ఆరిపోకుండా వేసే జెల్ మాత్రం రోజుకు నాలుగుసార్లు వేయాలి, ఎన్నాళ్ళో తెలియదు. మన దగ్గర ఎండాకాలం 44 డిగ్రీలు, ఆపైన కూలర్ గాలి. అది నేరుగా ముఖానికి తగలకుండా మల్లి పరుపును గోడ వైపుకు జరిపాను.

ఇప్పటికే ఆపరేషన్ చేయించిన వాళ్ళు ఈ రాత్రి మీ పిల్లి గాఢంగా నిద్రపోయాక లైటు పక్క నుంచి వేసి చూడండి. రెప్పల మధ్య సందు కనిపిస్తే సర్దుకుంటుందని ఆగకండి, పొద్దున్నే వేరే డాక్టర్‌కు చూపించండి.