"అన్ని బండ్లకు సరిపోతది" అని అమ్మే స్ట్రట్ బార్‌తో జాగ్రత్త: బోల్టు తిప్పే ముందు గ్యాప్ కొలవండి

వరంగల్, హనుమకొండ, కరీంనగర్, మంచిర్యాల దిక్కు కారుకు స్ట్రట్ బార్ పెట్టించుకుందాం అనుకుంటున్న అన్నలకూ తమ్ముళ్లకూ ఇది హెచ్చరిక. స్ట్రట్ బార్ అంటే ముందు చక్రాల షాకబ్జర్లు (స్ట్రట్‌లు) పైన బాడీకి బిగిసే రెండు చోట్లను, అంటే స్ట్రట్ టవర్లను, బానెట్ కింద అడ్డంగా కలిపే పైపు; మలుపుల్లో ఆ టవర్లు జరగకుండా పట్టుకోవడానికి పెడతరు. ఆన్‌లైన్‌లో ఒక రకం బార్ అమ్ముతున్నరు. పేరు లేని అట్టడబ్బా, నల్ల పౌడర్ కోటింగ్, మూడు ముక్కలు, రెండు చివర్లలో ఒక్కో బోల్టు మీద కీలు లెక్క కదిలే పట్టీలు. "పెట్రోల్, డీజిల్ రెండింటికీ పక్కా ఫిట్టింగ్" అని రాసి ఉంటది. 1.3 డీజిల్ హ్యాచ్‌బ్యాక్‌కు పెట్టి చూస్తే ఇంజన్ ఆగి ఉన్నప్పుడే కవర్‌కూ బార్‌కూ నడుమ 6 మి.మీ. సందు మిగిలింది. స్టార్ట్ చేసి ఆపంగనే తాకింది. అమ్మినాయనను అడిగితే కింద వాషర్లు వేసుకోమన్నడు. వాపసు తీసుకోమంటే పట్టీ మీద నట్టు గీతలు ఉన్నయని కుదరదన్నడు. అందుకే ఈ రాత: ఏం కొలవాలి, ఏం అడగాలి, ఎక్కడ ఆగాలి అనేది పైసలు కట్టకముందే తెలిసి ఉండాలి.

ముందు ఇంజన్ కదలిక సంగతి. ఇంజన్ ఛాసిస్‌కు గట్టిగా బిగించి ఉండదు, రబ్బరు మౌంటింగ్‌ల మీద కూర్చొని ఉంటది. మన చిన్న కార్లలో ఎక్కువ శాతం ఇంజన్ అడ్డంగా ఉండి ముందు చక్రాలను తిప్పుతది. ఫస్ట్ గేర్‌లో గట్టిగా లాగితే ఇంజన్ పైభాగం వెనక్కి, అంటే డ్యాష్‌బోర్డు దిక్కు వాలుతది. రివర్స్ వేస్తే ముందుకు వాలుతది. స్ట్రట్ బార్ చాలా బండ్లలో ఇంజన్‌కు వెనుక, కొంచెం పైన పోతది. బండి ముందుకు ఉరికిన ప్రతిసారీ ఇంజన్ బార్ మీదికే వస్తదన్నట్టు. డీజిల్ అయితే స్టార్ట్ చేసేటప్పుడు, ముఖ్యంగా ఆపేటప్పుడు, ఒక్క గుంజు గుంజుతది. గుంతలో, స్పీడ్ బ్రేకర్ మీద ఇంజన్ నిలువునా కూడా ఎగురుతది. లారీలు తిరిగి చెడిన రోడ్ల మీద నడిచిన పాత బండ్లలో మౌంటింగ్ రబ్బరు చితికిపోయి ఈ ఊపు ఇంకా పెరుగుతది. ఆగి ఉన్న ఇంజన్ మీద వేలు పెట్టి "సందు ఉంది కదా" అనుకునుడే అసలు ప్రమాదం.

బార్‌కూ ఇంజన్‌కూ నడుమ సందు కనీసం 15 మి.మీ. ఉండాలి. డీజిల్‌కూ, మౌంటింగ్‌లు పాతబడ్డ బండికీ 20 నుంచి 25 మి.మీ. లేకుంటే బిగించొద్దు. బార్‌కూ బానెట్ కింది రేకుకూ నడుమ 10 మి.మీ.కు తగ్గొద్దు. బానెట్ కింద సందు ఊరికే వదిలిన జాగా కాదు. మనిషి తల వచ్చి తగిలితే రేకు లోపలికి వంగి దెబ్బ తగ్గాలని వదులుతరు. పాదచారుల రక్షణకు ఏఐఎస్-100 అనే ప్రమాణమే ఉంది. అక్కడ గట్టి ఇనుప పైపు అడ్డం పెడితే ఆ ఏర్పాటు దెబ్బతింటది. దానికి తోడు బానెట్‌ను ఒత్తి మూయాల్సి వస్తే లాక్ సగమే పడుతది, హైవే మీద గాలికి లేచి అద్దం మీదికి వచ్చే ప్రమాదం ఉంది.

ఇంజన్ ఒక్కటే కాదు, చుట్టూ ఏమేం ఉన్నయో చూడండి. అన్నిటికన్నా పెద్ద ముప్పు బ్యాటరీ పాజిటివ్ టెర్మినల్. బార్ స్ట్రట్ టవర్ల ద్వారా బాడీకి, అంటే నెగెటివ్‌కు, కలిసి ఉంటది. టెర్మినల్ మీది ఎర్ర మూత ఊడిపోయి, బ్యాటరీ క్లాంపు వదులై, గుంతలో బ్యాటరీ ఒక్కసారి ఎగిరి బార్‌కు తాకిందంటే నేరుగా షార్ట్, మంట. మూత లేని బ్యాటరీ ఉన్న బండికి బార్ పెట్టనే పెట్టొద్దు.

మన బండ్లకు స్టీరింగ్ కుడి దిక్కు. బ్రేక్ మాస్టర్ సిలిండర్, ఆయిల్ డబ్బా కూడా కుడి టవర్ పక్కనే ఉంటయి. ఎడమ స్టీరింగ్ దేశాల కోసం చేసిన బార్ తెచ్చి అదే పేరుతో అమ్మితే కుడి పట్టీ సీదా బ్రేక్ ఆయిల్ డబ్బా మీద పడుతది. కొన్నిసార్లు తాకదు గానీ మూత తిప్పడానికి చెయ్యి పట్టదు. బ్రేక్ పైపుకు పట్టీ అంచు రాసుకుంటుంటే ఆ బార్ అక్కడికక్కడే ఇప్పేయండి. ఏసీ పైపు రాసుకున్నా అంతే, అల్యూమినియం మెల్లమెల్లగా అరిగి గ్యాస్ పోతది. రామగుండం ఎండల్లో ఏసీ లేని బండి ఏం పనికొస్తది? బయట సీఎన్‌జీ కిట్ పెట్టించిన బండ్లలో రెడ్యూసర్‌ను (గ్యాస్ పీడనం తగ్గించే డబ్బాను) తరచుగా టవర్ పక్కనో, వెనుక గోడకో బిగిస్తరు. ఆ అధిక పీడనం పైపును పక్కకు వంచి బార్‌కు దారి చేసే మెకానిక్‌ను ఆపండి. ఏఎంటీ (క్లచ్ పెడల్ లేకుండా గేర్లు వాటంతటవే పడే) బండి అయితే గేర్‌బాక్సు మీద గేర్లు మార్చే యాక్చువేటర్ కూడా లెక్కలోకి తీసుకోవాలి.

కొనే ముందు అమ్మేటాయనను అడగాల్సినవి సూటిగా అడగండి. మోడల్ పేరు ఒక్కటే సరిపోదు. తయారైన సంవత్సరం, ఏ ఇంజన్, మాన్యువలా ఏఎంటీనా, అన్నీ చెప్పి దానికే పెట్టిన ఫోటో అడగండి. స్విఫ్ట్ ఒకే బాడీలో 1.2 పెట్రోల్, 1.3 డీజిల్ రెండూ వచ్చినయి. లోపల ఎయిర్ ఫిల్టర్ డబ్బా, పైపులు ఒక్కతీరు ఉండవు. పట్టీ మందం ఎన్ని మి.మీ., స్టడ్ (టవర్ మీద పైకి లేచి ఉండే మర బోల్టు) రంధ్రం ఎంత, పైపు వంకరదా సీదాదా అడగండి. ఎం8 (8 మి.మీ.) స్టడ్‌కు 12 మి.మీ. రంధ్రం చేసి "అన్నిటికీ సరిపోతది" అంటరు. ఆ వదులులో పట్టీ జరుగుతుంటది, బార్ పనే చెయ్యదు. ఇంజన్‌ను తప్పించడానికి విల్లు లెక్క వంచిన సన్నపైపు కూడా దండుగే. టవర్లు లోపలికి జరగబోతే అది ఇంకొంచెం వంగి ఊరుకుంటది.

డబ్బా వచ్చినంక ముందు వీడియో తీస్తూ విప్పండి. ఇంజన్ పూర్తిగా చల్లగా ఉండాలి, బండి నాలుగు చక్రాల మీద సమంగా నిలబడి ఉండాలి. బిగించే ముందు, ఒక్కో టవర్ నట్లు కింద చెప్పిన పద్ధతిలో విప్పి పట్టీని స్టడ్‌ల మీద ఊరికే పెట్టి చూడండి. పట్టీ టవర్ మీద మొత్తం ఆనిందా? కొన్ని టవర్ల రేకు నడుమ ఎత్తుగా ఉంటది. పట్టీ అంచుల మీదే ఆనితే బిగించినప్పుడు వంగుతది, కొన్నాళ్లకు నట్టు వదులైతది.

ఇక్కడిదాకా బాగుంటే పిల్లలు ఆడుకునే క్లే కొనుక్కొచ్చుకోండి. 25, 30 మి.మీ. మందం ముద్దలు చేసి, పల్చటి ప్లాస్టిక్ కవర్ చుట్టి, బార్ మీద నాలుగైదు చోట్ల పెట్టి బానెట్‌ను మెల్లగా మూయండి. తెరిచి, ముద్ద బాగా నొక్కుకున్న చోట బ్లేడుతో కోసి స్కేలు పెట్టండి. ఆ మందమే మీ అసలు గ్యాప్. ఇంజన్ సందు కోసం బార్ అడుగున, ఇంజన్‌కు దగ్గరగా ఉన్న చోట ముద్ద అతికించాలి. బెల్టు, ఫ్యాను, సైలెన్సర్ పైపు, టర్బో దగ్గర మాత్రం వద్దు. ఈ పరీక్షకు ముందు నట్లన్నీ సరిగ్గా బిగించి ఉండాలి. ఖాళీ జాగాలో స్టార్ట్ చేసి ఆపండి, మళ్లీ చేసి ఆపండి. ఫస్ట్ గేర్‌లో కాస్త చురుకుగా పది గజాలు, రివర్స్‌లో పది గజాలు, ఒక స్పీడ్ బ్రేకర్. ఇంజన్ వేడెక్కకముందే ముద్ద తీసి కొలవండి. హ్యాండ్ బ్రేక్ వేసి క్లచ్ మీద రేస్ చేసి చూసే పని వద్దు, బండి ముందుకు దుమికితే ఎదురుగా ఉన్న మనిషికి దెబ్బ.

బిగించే పద్ధతి. నట్లు విప్పేటప్పుడు బండిని జాకీ మీద లేపొద్దు. చక్రం నేల మీద ఉంటే స్ట్రట్ బరువు కింద కూర్చొని ఉంటది. గాలిలో ఉండి ఆ దిక్కు నట్లన్నీ ఇప్పితే స్ట్రట్ కిందికి జారుతది. ఒక టవర్ పూర్తయినంకనే రెండోది ముట్టాలి. నడుమ ఉండే పెద్ద నట్టు స్ట్రట్ రాడ్‌ది, స్ప్రింగును అణచి పట్టేది అదే. దాన్ని ఎవరు ముట్టబోయినా ఆపండి, స్ప్రింగు ఎగిరితే ప్రాణం మీదికి వస్తది. కొన్ని మోడళ్లలో పైన మూడు స్టడ్‌లు ఉండవు, నడుమ నట్టే ఉంటది. అట్లాంటి బండికి ఈ రకం బార్ కొననే వద్దు. పైమౌంట్ రంధ్రాలు పొడుగ్గా ఉంటే స్టడ్ ఉన్న చోటు పెయింట్ పెన్నుతో గుర్తు పెట్టుకోండి, లేకుంటే క్యాంబర్ (చక్రం నిలువు వాలు) మారి టైరు లోపలి అంచు తింటది.

పట్టీ పెట్టినంక నట్టు పూర్తిగా ఎక్కి, స్టడ్ కనీసం ఒకటి రెండు మరలు బయటికి కనిపించాలి. 5 మి.మీ. పట్టీ కింద ఇంకో రెండు వాషర్లు వేస్తే ఆ మరలే మిగలవు. అమ్మినాయన చెప్పిన వాషర్ల సలహా పనికిరానిది ఇందుకే. కొత్త లాక్ నట్లే వాడండి. ఎం8 నట్టుకు సాధారణంగా 20 నుంచి 25, ఎం10కు 45 నుంచి 50 న్యూటన్ మీటర్లు పడుతది; మీ బండి సర్వీస్ మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే అదే పాటించండి. పెద్ద పానాతో అందాజాగా లాగితే స్టడ్ మరలు పోతయి. టార్క్ రెంచ్ (ఎంత బలంతో బిగిస్తున్నమో చూపే పానా) లేని షెడ్డులో ఈ పని చేయించొద్దు. పొడుగు సర్దుకునే బార్ అయితే చేత్తో తిప్పి, లాగుడూ నెట్టుడూ లేని చోట ఆపి లాక్ నట్టు వేయండి. "టైటుగా ఉంటే మంచిగ పని చేస్తది" అని పానాతో తిప్పితే టవర్లనే పక్కకు నెడుతున్నట్టు. పౌడర్ కోటింగ్ నట్టు కింద అణుగుతది కాబట్టి 100 కి.మీ. తర్వాత, 500 కి.మీ. తర్వాత మళ్లీ టార్క్ చూడాలి. పెయింట్ గీసుకున్న చోట టచప్ వేయకుంటే వానాకాలం దాటేలోపు తుప్పు మొదలైతది.

గ్యాప్ చాలకపోతే బార్‌ను వేడి చేసి వంచుడు, బానెట్ కింది ఫ్రేమ్ కోసుడు, ఇంజన్ కవర్ తీసేసుడు, ఈ మూడూ వద్దు. అల్యూమినియం పైపుకు గ్యాస్ మంట పెడితే బలం పోతది.

ఇంకో మాట. గుంతల్లో టకటక చప్పుడు, స్టీరింగ్ పక్కకు గుంజుడు, ఇవి బార్‌తో తగ్గవు. లింక్ రాడ్లు, లోయర్ ఆర్మ్ బుష్‌లు, మౌంటింగ్‌లు, టైర్లు ముందు చూపించండి. వరంగల్ నుంచి ములుగు మీదుగా ఏటూరునాగారం పోయేటప్పుడో, నిర్మల్ దగ్గరి మహబూబ్ ఘాట్ మలుపుల్లోనో స్టీరింగ్‌లో కొంత తేడా తెలుస్తది, అది కూడా టైర్లు, బుష్‌లు బాగుంటేనే. వారంటీ బండి అయితే సర్వీస్ సెంటర్‌ను, ఇన్సూరెన్స్ వాళ్లను రాతపూర్వకంగా ముందే అడగండి.

సరిపోని బార్ వచ్చిందా, నట్టు పడకముందే ఫోటోలు, స్కేలు పెట్టి తీసిన కొలతలు, "పక్కా ఫిట్టింగ్" అని రాసిన పేజీ స్క్రీన్‌షాట్ దాచి వాపసుకు పెట్టండి. డబ్బా మీద తయారీదారు పేరు, అడ్రస్, ధర లేకుంటే అది కూడా ఫోటో తీయండి. ఒప్పుకోకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. అక్కడా తేలకపోతే, 2019 వినియోగదారుల చట్టం ప్రకారం అమ్మినాయన ఏ ఊర్లో ఉన్నా మీరు ఉండే జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేయొచ్చు; కట్టిన సొమ్ము 5 లక్షల లోపు ఉంటే ఫీజు లేదు.