డిగ్రీ పిల్లల సీఎస్‌పీ: ఊరివైపు నుంచి మార్కులు

సీఎస్‌పీ అంటే కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు. ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ చదివే పిల్లలు మొదటి ఏడాది అయ్యాక, వేసవి సెలవుల్లో, దగ్గర్లోని ఒక ఊరినో వాడనో ఎంచుకుని 180 గంటలు పనిచేయాలి. అందుకు 4 క్రెడిట్లు. 2020-21లో ఉన్నత విద్యామండలి కొత్త సిలబస్ తెచ్చినప్పుడు ఇది తప్పనిసరైంది. దీని గురించి కాలేజీలవాళ్లు చెప్పుకున్నది చాలానే ఉంది, ఫొటోలతో సహా. ఈ సర్వీసు అందుకున్నవాళ్లు ఎట్లా ఉందో చెప్పింది మాత్రం నాకెక్కడా కనపడలేదు. హోటల్‌కి వంటమాస్టరే స్టార్లు ఇచ్చుకుంటే ఎట్లా? అందుకే తిన్నవాళ్ల తరఫున నేను రాస్తున్నా.

నేను కనిగిరి వైపు ఒక పల్లెలో అంగన్‌వాడీ టీచర్ని. ఊళ్లో ఏ సర్వే జరిగినా ముందు మా సెంటర్ గడపే తొక్కుతారు. ఎవరింట్లో ఎంతమందో, ఎవరు పుట్టింటికి పోయారో, ఎవరు బెంగళూరు పనికి పోయారో మా రిజిస్టర్లో ఉంటుంది గనక. ఇప్పటికి వేర్వేరు కాలేజీల నుంచి మూడు బ్యాచ్‌లు మా ఊరికి వచ్చిపోయాయి. ఏ కాలేజీనో చెప్పను. పిల్లలు పిల్లలే, వాళ్ల పరువెందుకు తీయడం.

మొదట వచ్చిన బ్యాచ్ చేతిలో నాలుగు పేజీల ఫారం. కుటుంబ సభ్యులెందరు, చదువు, కులం, పశువులు, మరుగుదొడ్డి, ఆదాయం. ఇవన్నీ సచివాలయంలో ఉన్నవే. ఎండలో చెమటలు కక్కుతూ ఇల్లిల్లూ తిరిగారు పాపం. మా వీధి చివర పెద్దమ్మ అయితే వాళ్లని చూడగానే, "ఏందమ్మాయ్, మళ్లీ రాసుకోడానికొచ్చారా? పోయినేడు రాసుకుపోయిన ఇల్లే ఇంకా రాలా" అంది. ఊళ్లో పెన్ను పట్టుకుని కనపడితే చాలు, ఏదో పథకం వస్తుందనో, ఉన్న పింఛను పోతుందనో లెక్క.

ఇంకా తమాషా ఆదాయం ప్రశ్న. పల్లెల్లో నెలకు 10,000 దాటితే బియ్యం కార్డుకు అర్హత పోతుంది. ఆ సంగతి తెలియని మనిషి ఊళ్లో లేడు. కాబట్టి రెండు ట్రాక్టర్లున్నాయనా, రోజుకూలీకి పోయే అతనూ ఒకే మాట చెప్పారు: "ఎనిమిదివేలు రాసుకో బాబూ." ఆ లెక్కలతో పిల్లలు రంగురంగుల చక్రాలు గీసుకుని పోయారు. చివరిరోజు ప్లాస్టిక్ వద్దని ఒక ర్యాలీ తీశారు. బ్యానర్ ఫ్లెక్సీయే. ర్యాలీ అయ్యాక అది మా సెంటర్ దగ్గరే వదిలేస్తే ఆయమ్మ కట్టెల మీద కప్పింది, వానకు బాగానే పనికొచ్చింది. ఆ బ్యాచ్ నుంచి ఊరికి దక్కింది ఆ ఫ్లెక్సీ పట్టే.

రెండో బ్యాచ్ గురించే అసలు ఈ సమీక్ష.

వీళ్లు కెమిస్ట్రీ, హోంసైన్స్ పిల్లలు. వాళ్లతో వచ్చిన లెక్చరర్ మేడం మొదటిరోజు ఫారం బయటికే తీయలేదు. సెంటర్లో చాప మీద కూర్చుని, "ఈ ఊళ్లో మీకు తెలుసుకోవాలనిపించేది ఏంటి?" అని అడిగారు. డ్వాక్రా ఆడవాళ్లు ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకున్నారు. మమ్మల్ని ఎవరైనా అట్లా అడిగి ఎన్నాళ్లయింది! కాసేపటికి ఒకామె అంది, "మా పిల్లల పళ్లకు గార ఎందుకొస్తందో చెప్పండి. క్యాను నీళ్లే తాగిస్తన్నాం గదా."

బయటివాళ్లకు తెలియకపోవచ్చు, మా ప్రాంతానికి ఇది తాతల నాటి జబ్బు. పొదిలి, దర్శి, కనిగిరి వైపు బోర్లలో ఫ్లోరైడు. 1937లోనే, మేం నెల్లూరు జిల్లాలో ఉన్నప్పుడే, ఇక్కడి మనుషుల నడుములు బిగుసుకుపోవడం చూసి డాక్టర్లు వైద్య పత్రికలో రాశారు. మన దేశంలో మనుషులకు ఫ్లోరోసిస్, అంటే ఫ్లోరైడు ఎక్కువై పళ్లూ ఎముకలూ చెడే జబ్బు, వచ్చిందన్న తొలి రిపోర్టుగా దాన్నే చెబుతారు. ఆ మాట మేడం చెబితే మా పెద్దాయన ఒకాయన, "అంటే మా నాయన పుట్టకముందే తెలుసన్నమాట" అన్నాడు. ఎవరూ ఏమీ అనలేకపోయారు.

తాగేది క్యాను నీళ్లయితే గార ఎందుకు? ఫారంలో "తాగునీటి వనరు" అనే గడిలో ఊరంతా "మినరల్" అనే రాయించారు. అది అబద్ధమూ కాదు. మరి ఫ్లోరైడు ఎక్కడినుంచి? దీన్ని పట్టింది హోంసైన్స్ చదివే ఒక అమ్మాయి. అడిగి కాదు, చూసి. ఒకరింట్లో వంట అయ్యేదాకా పొయ్యి దగ్గరే కూర్చుంది. పప్పులో క్యాను నీళ్లు పోశారు, ఎందుకంటే మా బోరు నీళ్లకు పప్పు ఉడికి చావదు. బియ్యం కడిగింది, ఎసరు పెట్టింది మాత్రం కుళాయి నీళ్లతో. ఆ కుళాయి ట్యాంకుది, ట్యాంకు బోరుది. టీకి కుళాయి నీళ్లే. సంగటికీ అవే. క్యానుకు పది రూపాయలు పెట్టేవాళ్లు దాన్ని ఎసట్లో పొయ్యరు గదా. "కాగుతాయి గదమ్మా, ఏం కాదు" అంది ఆ ఇంటామె. కాగబెడితే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడు పోదు. నీళ్లు ఆవిరయ్యేకొద్దీ మిగిలినదాంట్లో ఇంకా చిక్కబడుతుంది.

మర్నాటికి వాళ్లే ఫారం మార్చేశారు. తాగునీటి వనరు గడి కొట్టేసి తాగడానికి, అన్నానికి, పప్పుకు, టీకి, పిల్లల సీసాకు వేర్వేరు గడులు పెట్టారు. ఆ గడులు ఏవేవి ఉండాలో చెప్పింది డ్వాక్రా ఆడవాళ్లు. చదువుకున్నవాళ్లు వేసిన ప్రశ్నను మా ఊరివాళ్లు దిద్దడం నేను చూసింది అప్పుడే.

తర్వాత నీళ్ల పరీక్షలు. ఫ్లోరైడు చూసే కిట్ అంటే చిన్న ప్లాస్టిక్ పెట్టె. సన్న గాజు గొట్టంలో గీతదాకా నీళ్లు పోసి, మందు చుక్కలు వేసి ఊపి, రంగుల అట్టతో పోల్చి చూడాలి. గులాబీ రంగు నిలిస్తే ఫ్లోరైడు తక్కువ, పసుపుకు తిరిగేకొద్దీ ఎక్కువ. లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా మంచిది. వేరే దిక్కులేకపోతే 1.5 దాకా ఒప్పుకుంటారు. చెప్పడానికి తేలికే. చూడటంలోనే తిప్పలు. ఎండలో చూస్తే ఒక రంగు, వరండాలో చూస్తే ఇంకో రంగు. గులాబీకీ పసుపుకీ మధ్యలో నారింజలాంటిదొకటి వస్తుంది, అక్కడే ఇద్దరికి రెండు మాటలు.

మేడం దానికో పద్ధతి పెట్టారు. ప్రతి గొట్టాన్నీ ముగ్గురు చూడాలి, అందులో ఇద్దరు ఊరివాళ్లు. ఎవరూ నోరెత్తకుండా చీటీ మీద ఎవరి అంకె వాళ్లు రాయాలి. చదువురానివాళ్లు రంగుల అట్టమీద వేలు పెట్టి చూపిస్తే చాలు. ముగ్గురి చీటీలూ కలిస్తే సరే, కలవకపోతే ఆ సీసాను పక్కన పెట్టి ఆర్‌డబ్ల్యూఎస్ (గ్రామీణ నీటి సరఫరా శాఖ) ల్యాబుకు పంపాలి. రంగులు చూడటంలో డిగ్రీ పిల్లలకన్నా జాకెట్లు కుట్టే ఆమె కళ్లు చురుగ్గా ఉన్నాయి. దారం షేడ్లు చూసే కళ్లు మరి. రెండోరోజుకే పిల్లలు ఆమెను అడక్కుండా ఏదీ రాసుకోలేదు.

మినరల్ ప్లాంటు నీళ్లు కూడా చూస్తామంటే ఓనరు మొదట కస్సుమన్నాడు. చూస్తే అవి బాగానే తేలాయి. ఆ చీటీ జిరాక్సు తీయించి ప్లాంటు గోడకు అంటించుకున్నాడు, ఇప్పటికీ ఉంది. అంగన్‌వాడీకి, బడికి వచ్చే బోరు నీళ్లు మాత్రం హద్దు దాటినట్టే రంగు చూపాయి. ల్యాబువాళ్లూ అదే చెప్పారు.

నాకు గుండెలో గుచ్చుకుంది ఇదే. పాలపళ్ల మీద గార పెద్దగా కనపడదు. ఎనిమిదేళ్ల లోపు, చిగుళ్ల కింద అసలు పళ్లు తయారయ్యేటప్పుడు పడిన దెబ్బ, ఆ పళ్లు బయటికొచ్చాక రెండో మూడో తరగతిలో కనపడుతుంది. అంటే నా సెంటర్లో ఉన్నప్పుడు పిల్లల పళ్లు తెల్లగానే ఉంటాయి. నేను నెలనెలా బరువు తూస్తాను, ఎత్తు కొలుస్తాను, ఫోన్లో ఎక్కిస్తాను. నీళ్లకు గడి లేదు. ఇప్పుడు సెంటర్లో తాగడానికే కాదు, అన్నం ఎసట్లోకీ క్యాను నీళ్లే. ఆ ఖర్చు పంచాయతీ తీర్మానం చేసి ఒప్పుకుంది. తీర్మానానికి జతపెట్టింది ఈ పిల్లల లెక్కలే.

అన్నీ బాగా చేశారని కాదు. నల్గొండ టెక్నిక్ అని బకెట్లో పటిక, సున్నం, బ్లీచింగ్ కలిపి, తిప్పి, తేర్చి చూపించారు. చూడటానికి బాగుంది. "రోజూ ఇంత పని ఎవరు చేస్తారు, అడుగున దిగిన ఆ మడ్డి ఎక్కడ పొయ్యాలి?" అని ఆడవాళ్లు అడిగితే వాళ్ల దగ్గర జవాబు లేదు. మర్నాటి నుంచి ఎవరూ చేయలేదు కూడా. దానికన్నా చింతపండు కబురు జనానికి పట్టింది. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థవాళ్లు మగపిల్లలకు రోజూ కొంచెం చింతపండు పెట్టి చూస్తే ఒంట్లోంచి మూత్రంలో పోయే ఫ్లోరైడు పెరిగిందట. 2002లో వచ్చిన పేపరు. చారు మానేసిన ఇళ్లలో మళ్లీ చారు మొదలైంది. అది మందు కాదు, నీళ్లు మారకుండా చారుతో ఏదీ తీరదు అని ఆ పిల్లలే రెండుసార్లు చెప్పారు. ఆ మాట నాకు నచ్చింది.

ఇంకో లోటు. చివర ఇచ్చిన రిపోర్టు స్పైరల్ బైండింగ్‌తో బ్రహ్మాండంగా ఉంది, మొత్తం ఇంగ్లీషు. సర్పంచికి ఇస్తే ఆయన నాకిచ్చాడు, నేను ఎవరికిచ్చేది? మేడంకి ఫోన్ చేస్తే పిల్లలు మళ్లీ వచ్చి డ్రాయింగ్ షీటు మీద ఊరి పటం గీసి, ఏ బోరు ఏ రంగో ఆ రంగే దిద్ది తెలుగులో రాసి సెంటర్ గోడకు అంటించి పోయారు. ఆ రాకకు క్రెడిట్లు లేవు.

మూడో బ్యాచ్ దగ్గరికొస్తే నాకు ఒళ్లు మండింది. ఆ పటం గోడమీదే ఉంది. దాని కిందే కుర్చీ వేసుకుని కూర్చుని మొదటి ప్రశ్న: "మేడం, ఈ ఊళ్లో తాగునీటి వనరు ఏంటి?" తల పైకెత్తి చూడు నాయనా అన్నాను. ఫొటో తీసుకున్నారు. లాగ్‌బుక్‌లో రోజుకో సంతకం ఉండాలి, ఆ సంతకాలన్నీ ఒక్కరోజే పెట్టమన్నారు. వచ్చిన రోజులకే పెట్టాను. ఆ పిల్లలనేం లాభం. పొద్దున బస్సు దిగి మధ్యాహ్నం బస్సు ఎక్కాలి, మెంటర్, అంటే దారి చూపాల్సిన లెక్చరర్, ఫోన్లోనే. ఎవరూ వెంట రాలేదు.

నియమాలు మాత్రం బాగానే రాశారు. ముందు సర్వే, తర్వాత అవగాహన కార్యక్రమాలు, తర్వాత ఊరితో కలిసి పని, చివర ఎగ్జిట్ రిపోర్టు. ఆ రిపోర్టు కాపీ ఊరి పాలనవాళ్లకు ఇవ్వాలని, తర్వాత వచ్చే బ్యాచ్ దానిమీదే పని మొదలుపెట్టాలని కూడా ఉంది. రెండో బ్యాచ్ అమ్మాయి ఫోన్లో చూపిస్తే చదివాను. ఈ ఒక్క నియమం పాటిస్తే చాలు, మిగతా లోపాలు నేను మాఫీ చేస్తాను. ఒక బ్యాచ్ బోర్లు చూసింది. తర్వాతిది బడిపిల్లల పళ్లు చూడొచ్చు, ఆ తర్వాతిది వానాకాలానికీ ఎండాకాలానికీ తేడా చూడొచ్చు. మూడేళ్లకు మా ఊరి మీద మా ఊరికే ఒక పుస్తకం ఉండేది.

మార్కులు వేయాలంటే పదికి మొదటివాళ్లకు మూడు, అందులో ఒకటి ఫ్లెక్సీకి. రెండోవాళ్లకు ఎనిమిది. ఇంగ్లీషు రిపోర్టుకు ఒకటి, బకెట్‌కు ఒకటి కోశాను. మూడోవాళ్లకు రెండు, ఎండలో వచ్చినందుకు. స్కీముకు ఆరు, ఎందుకంటే అదే స్కీములో ఆ రెండో బ్యాచ్ కూడా వచ్చింది.

ఈ వేసవికి ఇంకో కాలేజీవాళ్లు వస్తున్నారని సచివాలయంలో చెప్పారు. వచ్చేవాళ్లు ఇది చదివితే కొన్ని సంగతులు. మెంటరు కనీసం మొదటిరోజు, చివరిరోజు వెంట రావాలి. కిట్‌లో మందుకు గడువు తేదీ ఉంటుంది, చూసుకుని తేండి. ఆదాయం అడక్కండి, అడిగినా నిజం రాదు. పాత రిపోర్టు నా బీరువాలో ఉంది, చదువుకోడానికి ఇస్తాను, ఇంటికి తీసుకుపోనివ్వను. పొద్దున్నే రావద్దు, అందరూ ఉపాధి పనికి పోయుంటారు, ఇళ్లకు తాళాలే. పదకొండు దాటాక రండి, అన్నానికి ఎసరు పెట్టే వేళకు.