ఫ్లైట్ రద్దయితే రీఫండా, వేరే ఫ్లైటా?

ఎయిర్‌లైన్ తనంతట తానే ఫ్లైట్ రద్దు చేస్తే విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధనల ప్రకారం మన ముందు రెండు దారులుంటాయి: రీఫండ్, లేదా వేరే ఫ్లైట్. మెసేజ్ రాగానే చాలామంది కోపంలో రీఫండ్ నొక్కేస్తారు. తొందరపడొద్దనే నేనంటాను.

సంక్రాంతికి హైదరాబాద్ నుంచి విశాఖకు రెండు నెలల ముందే చవగ్గా టికెట్ కొన్నారనుకోండి. రీఫండ్‌లో వచ్చేది ఆనాటి ధర, మళ్లీ కొనాల్సింది ఈనాటి ధరకు. తేడా మన జేబుకే చిల్లు. 2025 డిసెంబరులో ఇండిగో విమానాలు వందల్లో ఆగిపోయినప్పుడు ఛార్జీలు ఎంత పెరిగాయంటే, 500 కిలోమీటర్ల లోపు దూరానికి 7,500 రూపాయలు మించకూడదని కేంద్రమే పరిమితి పెట్టాల్సి వచ్చింది. అదే, ఎయిర్‌లైన్ ఇచ్చే వేరే ఫ్లైట్ తీసుకుంటే ఈ బాధ తప్పుతుంది. కాకపోతే ఆ టైమ్ తెల్లవారుజామున మూడింటికైనా కావచ్చు.

ముహూర్తం దాటిపోయాక చేరే ఫ్లైట్ ఎక్కి ఏం లాభం? అప్పుడు రీఫండే. ఎయిర్‌లైన్ వాళ్లు క్రెడిట్ షెల్ తీసుకోమంటారు, అంటే డబ్బు వెనక్కివ్వకుండా తర్వాతి టికెట్‌కు వాడుకోమని తమ దగ్గరే ఉంచుకోవడం. తీసుకోవాలో వద్దో ప్రయాణికుడి ఇష్టమని నిబంధనలోనే ఉంది. ఏజెంట్ దగ్గర కొన్నా రీఫండ్ బాధ్యత ఎయిర్‌లైన్‌దే, 'ఏజెంట్‌ను అడగండి' అంటే వదలొద్దు.

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లే పెద్దవాళ్లకు ఇంకో వెసులుబాటుంది. రద్దే కానక్కర్లేదు. అంతర్జాతీయ ఫ్లైట్ ఆరు గంటలు, అంతకుమించి ఆలస్యమైనా, ప్రయాణం మానుకుంటే అక్కడి నిబంధనల ప్రకారం డబ్బు వెనక్కివ్వాల్సిందే.