పన్నెండేళ్లుగా వాడుతున్న ఓక్ బల్ల

మా భోజనాల బల్ల తెల్ల ఓక్ అనే గట్టి కలపతో చేయించింది. పన్నెండేళ్లుగా భోజనాలు, పిల్లల చదువులు, నా కుట్టుమిషను, అన్నీ దాని మీదే. ఎక్కడా వంగలేదు, కీళ్లు వదలలేదు. బాగా ఆరిన తెల్ల ఓక్ ఘనమీటరుకు దాదాపు 750 కిలోలు తూగుతుంది కాబట్టి పైపలకను జరపాలంటే ఇద్దరు కావాలి.

నన్ను బాధపెట్టింది ఒక్కటే, నల్లమచ్చ. రెండో ఏడు, తడి ఇనుప మూకుడు రాత్రంతా బల్ల మీద ఉండిపోయింది. తెల్లారేసరికి సిరా ఒలికినట్లు గుండ్రంగా నల్లబడింది. నిజానికి అది సిరాయే. ఓక్‌లో టానిన్ అనే వగరు పదార్థం ఎక్కువ. నీళ్లు తోడైతే ఇనుముతో కలిసి నల్లటి పదార్థమవుతుంది. ఓక్ చెట్టు మీద ఏర్పడే మాచికాయల కషాయంలో అన్నభేది అనే ఇనుప లవణం కలిపి పూర్వం సిరా చేసింది ఈ గుణంతోనే. పైపూత గీకేసి, చేతి తొడుగులు వేసుకుని ఆక్సాలిక్ ఆమ్లం నీళ్లు రాస్తే మచ్చ పోయింది. ఆ ఆమ్లం విషం, పిల్లలను దూరంగా ఉంచాలి. తరువాత బల్ల కింద చూస్తే మామూలు ఇనుప స్క్రూల చుట్టూ కూడా నలుపే. అన్నీ తీసి ఇత్తడివి వేయించాను. ఇత్తడి మెత్తన కాబట్టి ముందుగా రంధ్రం వేయకపోతే ఈ గట్టి కలపలో తల విరిగిపోతుంది. ఓక్‌కు ఇనుము తగలనివ్వొద్దన్నదే కొనేవారికి మొదట చెప్పాల్సిన మాట, కానీ నాకెవరూ చెప్పలేదు.

వానాకాలంలో బల్ల వెడల్పు ఐదారు మిల్లీమీటర్లు పెరుగుతుంది, ఎండల్లో తగ్గుతుంది. పొడవు మాత్రం మారదు. పైపలకను చట్రానికి బిగించే రంధ్రాలు కోలగా ఉండటం వల్ల అది స్వేచ్ఛగా కదిలి, పగుళ్లు రాలేదు. పలకలు కూడా దుంగ కేంద్రం వైపుగా కోసినవి కావడంతో కదలిక తక్కువ. అలా కోసిన ఓక్‌లో వెండి జరీలాంటి మెరుపు చారలు తేలతాయి. సాయంత్రపు ఏటవాలు వెలుగులో వాటిని ఇప్పటికీ ఆగి చూస్తుంటాను.

ఎర్ర ఓక్‌ను మాత్రం నీళ్లు తగిలే చోట వాడకండి. రెండూ ఒకటేనన్న మాట నమ్మి కిటికీ గట్టుకు వేయించాను. నాలుగేళ్లలో పుచ్చిపోయింది. ఎర్ర ఓక్ నాళాలు తెరిచే ఉంటాయి. చిన్న ముక్క ఒక కొనను నీళ్లలో ముంచి రెండో కొన నుంచి ఊదితే బుడగలు వస్తాయి. తెల్ల ఓక్ చేవలో ఆ నాళాలు పూడుకుపోయి ఉంటాయి. పీపాలకూ పడవలకూ దాన్నే ఎంచుకునేది అందుకే. ఇంటి లోపలి అరలకైతే ఎర్రదీ చక్కగా సరిపోతుంది.

ఏడాదికోసారి అవిసె నూనె పలుచగా రాస్తాను. రాసిన గుడ్డను ఉండచుట్టి పడేస్తే దానంతటదే అంటుకునే ప్రమాదం ఉంది, అందుకే విప్పి ఆరుబయట ఆరేస్తాను.

ఇప్పుడు బల్లకు జతగా బెంచీ చేయించడానికి పచ్చి పలకలు తెచ్చాను. అంగుళం మందానికి ఏడాది ఆరాలన్నది వడ్రంగుల లెక్క. ఇవి రెండంగుళాలవి. మధ్యలో బద్దలు పెట్టి, గాలి ఆడేలా నీడలో పేర్చి ఎనిమిది నెలలైంది.