నాలుక మీద కరిగే ఒండాన్‌సెట్రాన్ మాత్ర: ప్రోస్టేట్ రేడియేషన్‌లో నా అనుభవం

ప్రోస్టేట్ క్యాన్సర్‌కు రేడియేషన్ తీసుకునేవారిలో వికారం అంత తరచుగా కనిపించదని డాక్టరు గారు మొదటి రోజే చెప్పారు. కిరణాలు పడేది కటి ఎముకల నడుమ. జీర్ణాశయం అక్కడికి చాలా పైన ఉంటుంది. రేడియేషన్ వల్ల వాంతులు వచ్చే అవకాశాన్ని బట్టి వైద్యులు శరీర భాగాలను వర్గాలుగా విడదీస్తారు. అందులో ఒళ్లంతటికీ ఇచ్చే రేడియేషన్ అన్నిటికన్నా పైన, పై కడుపుకు ఇచ్చేది దాని తరువాత ఉంటే, కటి భాగానిది తక్కువ ప్రమాదం ఉన్న వర్గం. అయినా నాకు వచ్చింది. నా విషయంలో ప్రోస్టేట్‌తో పాటు కటి భాగంలోని లింఫు గ్రంథులకు కూడా కిరణాలు పెట్టారు. వాటి పక్కనే చిన్నపేగు చుట్టలు కొన్ని ఉంటాయి కనుక వాటికీ కొంత సోకుతుంది. మొత్తం 20 సిట్టింగులలో ఆరో దాని నుంచి, ఇంటికి చేరిన గంటకల్లా నోట్లో నీళ్లూరడం, కడుపులో తిప్పడం మొదలయ్యాయి. అప్పుడు రాసిచ్చినదే ఈ 4 మిల్లీగ్రాముల మాత్ర.

పని విషయానికొస్తే, దీనికి నేను వంక పెట్టలేను. రేడియేషన్ సోకిన పేగు లోపలి పొరలోని కొన్ని కణాలు సెరటోనిన్ అనే పదార్థాన్ని వదులుతాయి. అది అక్కడి నరాల కొసలను కదిలిస్తే, ఆ కబురు వేగస్ నాడి ద్వారా మెదడుకు చేరి వికారం పుట్టిస్తుంది. సెరటోనిన్ అతుక్కునే చోటును ఒండాన్‌సెట్రాన్ ముందుగానే ఆక్రమించి ఆ కబురును ఆపుతుంది. ఈ సంగతి తెలియక మొదటి రెండు రోజులు కడుపు తిప్పిన తరువాతే మాత్ర వేసుకున్నాను. నెమ్మదించేసరికి చాలాసేపు పట్టింది. సిట్టింగుకు గంట ముందు వేసుకొమ్మని చెప్పిన తరువాత, మూడో రోజు సాయంత్రం కూర్చుని భోజనం చేయగలిగాను.

మాత్రను బయటికి తీయడంలోనే చిన్న చిక్కుంది. మామూలు మాత్రల మాదిరిగా బొటనవేలితో వెనుక నుంచి నొక్కితే ఇది రేకును చీల్చుకుని రాదు, లోపలే పొడి పొడి అయిపోతుంది. రేకును అంచున పట్టుకుని ఒలిచి, తడి లేని వేళ్లతో ఎత్తి నాలుక మీద పెట్టుకోవాలి. వేలు కాస్త తడిగా ఉన్నా మాత్ర దానికే అంటుకుని కరగడం మొదలుపెడుతుంది. కొన్ని క్షణాలలో కరిగిపోతుంది, తీపి కింద సన్నని చేదు మిగులుతుంది. ఆ తీపి కోసం అస్పర్టేమ్ కలిపిన రకాలున్నాయి కనుక ఫినైల్‌కీటోన్యూరియా (అస్పర్టేమ్ పడని ఒక పుట్టు జబ్బు) ఉన్నవారు అట్ట మీద చూసుకోవాలి. నోట్లో కరుగుతుంది కనుక వెంటనే పని చేస్తుందని నేను అనుకున్నది మాత్రం పొరపాటు. లాలాజలంతో కలిసి కడుపులోకి వెళ్లిన తరువాతే అది రక్తంలో కలుస్తుంది. నీళ్లు లేకుండా వేసుకోవచ్చుననేది ఈ రకం మాత్రల గొప్ప. మూత్రాశయం నింపుకోవడానికి రోజూ అర లీటరు తాగి యంత్రం ఎక్కేవాడికి నీళ్లకు కరువేముంది?

ఇక అసలు లోపం. ఒండాన్‌సెట్రాన్ మలబద్ధకం తెస్తుంది. వేరే వైద్యంలో ఉన్నవారికి అది ఓర్చుకోదగిన ఇబ్బంది కావచ్చును గాని, ప్రోస్టేట్ రేడియేషన్‌లో అది వైద్యానికే అడ్డు వస్తుంది. పురీషనాళం ప్రోస్టేట్‌కు సరిగ్గా వెనుక ఆనుకుని ఉంటుంది. అందులో మలమో గాలో నిండితే ప్రోస్టేట్ ముందుకు జరుగుతుంది, పురీషనాళపు గోడ కిరణాల దారిలోకి వస్తుంది. అందువల్లనే మూత్రాశయం నింపుకోవడంతో పాటు పురీషనాళం ఖాళీగా ఉంచుకుని రమ్మంటారు. రోజూ మాత్ర వేసుకోవడం మొదలుపెట్టిన నాలుగో రోజున నన్ను బల్ల మీద పడుకోబెట్టి, కిరణాలు పెట్టే ముందు తీసే స్కాన్ చూసిన టెక్నీషియన్ లోపలికి వచ్చి, "లోపల ఖాళీగా లేదండీ, ఒకసారి వెళ్లి రండి" అన్నారు. నిండిన మూత్రాశయంతో, వెనుక ముడి వేసే ఆ గౌనులో మరుగుదొడ్డికి వెళ్లి, ఉన్నదంతా పోగొట్టుకుని, మళ్లీ అర లీటరు తాగి, మరో గంట కూర్చుని తిరిగి బల్ల ఎక్కాను. హడావుడిగా గటగటా తాగిన ఆ రెండో విడత నీళ్లకే నాకు మళ్లీ కడుపు తిప్పింది. మాత్ర రాసిచ్చినప్పుడు ఈ సంగతి ఒక్క వాక్యంలో చెప్పి ఉంటే సరిపోయేదని నా ఫిర్యాదు.

ఆ మర్నాడు డాక్టరు గారు మాత్రతో పాటు రాత్రికి ఒక విరేచనకారి మందు చేర్చారు. నీళ్లు ఒక్కసారిగా కాకుండా ఇరవై నిమిషాల పాటు కొద్దికొద్దిగా తాగమన్నారు. ఈ రెండవ సలహా ఖర్చు లేనిది, అయినా మాత్రతో సమానంగా పని చేసింది.

ఇంకొక విషయం దాచకూడదు. వికారం తగ్గడంలో కొంత ఘనత ఈ మాత్రది కాదు. నేను వాడే మందులన్నిటినీ సంచీతో సహా తెమ్మని చూసినప్పుడు, మోకాళ్ల నొప్పికి ఎప్పటి నుంచో వేసుకుంటున్న ట్రమడాల్ బయటపడింది. ట్రమడాల్ తనంతట తానే వికారం తెప్పిస్తుంది. పైగా ఒండాన్‌సెట్రాన్‌తో కలిస్తే దాని నొప్పి తగ్గించే శక్తి తగ్గుతుంది, సెరటోనిన్ మితిమీరే అపాయమూ ఉంది. దానిని మార్పించారు. ఇసిజి కూడా తీయించారు. గుండె లయకు సంబంధించి క్యూటీ అనే కొలత ఒకటుంది. ఒండాన్‌సెట్రాన్ దానిని పొడిగించగలదు, ప్రోస్టేట్ క్యాన్సర్‌కు ఇచ్చే హార్మోన్ ఇంజెక్షన్లూ పొడిగించగలవు. నాలాగా రెండూ తీసుకుంటున్నవారు, ఎవరో మిగిల్చిన స్ట్రిప్ చేతికి దొరికిందని దీనిని సొంతంగా వేసుకోవడం మంచిది కాదు.

వికారం తగ్గిస్తుందని అమ్మే మణికట్టు పట్టీ కూడా కొన్నాను. మణికట్టు ముడత నుంచి మోచేతి వైపు మూడు వేళ్ల దూరంలో, రెండు స్నాయువుల నడుమ ఒక బొడిపె నొక్కుతూ ఉంటుంది. ప్రయాణంలో మనసుకు కాస్త ఊరట, చర్మం మీద గుండ్రని ఎర్రటి అచ్చు. అంతకు మించి నాకు ఒరిగింది లేదు.

చివరి వారానికి పరిస్థితి తిరగబడింది. రేడియేషన్ ప్రభావంతో పేగులు చికాకు పడి విరేచనాలు పలుచబడ్డాయి. ఫోన్‌లో అడిగితే ముందు విరేచనకారిని ఆపమన్నారు, ఒండాన్‌సెట్రాన్‌ను మాత్రం అలాగే ఉంచమన్నారు. రెండో వారంలో నన్ను బల్ల మీద నుంచి దించిన ఆ గుణమే అప్పుడు కాస్త కలిసి వచ్చింది. ఇరవయ్యో సిట్టింగు ముగిసిన తరువాత మరో ఐదు రోజులు, కడుపు తిప్పిన రోజున మాత్రమే వేసుకుని మానేశాను.