వాననీటి పైపుల తనిఖీ కిట్: ఏది కొనాలి, ఏది వదిలేయాలి

మసాచుసెట్స్‌లో ఒక చిన్న ఊరి పబ్లిక్ వర్క్స్ శాఖలో పని చేస్తాను. వాననీటి పైపులు వాగుల్లో కలిసే చోట్లను అవుట్‌ఫాల్స్ అంటారు. ఊరంతా తిరుగుతూ వాటిని తనిఖీ చేయడం నా పని. సివిల్ చదివి ఈ ఉద్యోగాల్లోకి వస్తున్న మన పిల్లలు "అక్కా, ఆఫీసులో ఏ కిట్ కొనమని చెప్పాలి?" అని అడుగుతున్నారు. అన్నీ కలిపి ఒకే పెట్టెలో అమ్మే కిట్ మేం వాడుతున్నాం. దాని గురించే ఇది.

ఈ తనిఖీ వాన లేనప్పుడే చేయాలి. ముందటి 24 గంటల్లో 0.1 అంగుళానికి మించి వాన పడి ఉండకూడదు, మంచు కరిగి పారుతూ ఉండకూడదు. అలాంటి రోజున కూడా పైపులోంచి నీళ్లు వస్తున్నాయంటే అవి ఎక్కడివో తేల్చాలి. నేలలోని ఊట కావచ్చు, పగిలిన మంచినీళ్ల పైపు కావచ్చు. ఎవరింటి బాత్రూమ్ లైనో ఎప్పుడో తప్పు పైపుకు కలిపేసి ఉండవచ్చు. వాననీటి పైపు చివర శుద్ధి కేంద్రం ఉండదు. అందులో పడ్డది నేరుగా పిల్లలు ఆడుకునే వాగులోకి పోతుంది. బోస్టన్ పక్కన పారే చార్లెస్ నదికి 1995లో ఈపీఏ (అమెరికా పర్యావరణ రక్షణ సంస్థ) 'డి' గ్రేడ్ ఇచ్చింది. తర్వాతి ఏళ్లలో అది 'బి ప్లస్' దాకా వచ్చిందంటే, ఇలాంటి తప్పుడు కనెక్షన్లను వెతికి తీసేయడం కూడా ఒక కారణం. అందుకే ఈ పెట్టె సరిగ్గా ఉండాలని నాకు అంత పట్టుదల.

అమ్మోనియా స్ట్రిప్స్ బాగున్నాయి. వాననీటిని వాగుల్లోకి వదలడానికి మా ఊరికిచ్చిన పర్మిట్ ప్రకారం లీటరుకు 0.5 మిల్లీగ్రాములు దాటితే అనుమానించాలి. స్ట్రిప్ డబ్బా మీద ఆ అంకెకు విడిగా ఒక రంగు ఉంది. కానీ 0.25 రంగుకీ 0.5 రంగుకీ తేడా చాలా తక్కువ. కల్వర్టు నీడలో చూడకండి, వెలుతురులోకి తెచ్చి పక్కనున్న మనిషికి కూడా చూపించండి. డబ్బా మూత గట్టిగా పెట్టాలి, తేమ తగిలితే స్ట్రిప్ పనికిరాదు.

డిటర్జెంట్ టెస్ట్ ఖరీదైనది, కానీ దాన్ని మాత్రం వదులుకోవద్దు. అమ్మోనియా ఒక్కదాన్నే నమ్మలేం. బాతుల రెట్టలున్నా, ఆకులు కుళ్లినా అది కనిపిస్తుంది. దాంతోపాటు డిటర్జెంట్ కూడా లీటరుకు 0.25 మిల్లీగ్రాములు దాటితే మురుగునీరని గట్టిగా అనుమానించవచ్చు. డిటర్జెంట్ మాత్రమే ఎక్కువగా ఉంటే కారు కడిగిన నీళ్లో, లాండ్రీ నీళ్లో అయి ఉంటాయి. ఈ టెస్ట్‌లో క్లోరోఫామ్ ఉంటుంది. గ్లవ్స్, కళ్లద్దాలు తప్పనిసరి. వాడేసినది సీసాలో పోగుచేసి ప్రమాదకర వ్యర్థాల కింద పంపాలి. పెట్టెలో ఆ సీసా కూడా ఇవ్వలేదు.

నాకు అసలు కోపం తెప్పించింది క్లోరిన్ టెస్ట్. పెట్టెలో ఇచ్చింది ఫ్రీ క్లోరిన్‌ది, అంటే అమ్మోనియాతో కలవకుండా విడిగా ఉన్న క్లోరిన్‌ను చూపేది. బోస్టన్ చుట్టుపక్కల చాలా ఊళ్లకు నీళ్లిచ్చే ఎండబ్ల్యూఆర్‌ఏ క్లోరమైన్ వాడుతుంది. అంటే క్లోరిన్, అమ్మోనియా కలిపినది. మంచినీళ్ల పైపు కారుతుంటే ఫ్రీ క్లోరిన్ టెస్ట్‌లో ఏమీ తేలకపోవచ్చు. పైగా కాస్త అమ్మోనియా కనిపించి మనం మురుగునీటి కోసం వీధులన్నీ వెతుకుతాం. రెండు రకాల క్లోరిన్‌నూ కలిపి చూపే టోటల్ క్లోరిన్ టెస్ట్ విడిగా కొనండి. మీ ఊరి నీళ్లలో ఏం కలుపుతారో ముందే కనుక్కోండి.

నీళ్లలో కరిగిన ఉప్పులు ఎంతున్నాయో సూచించే కండక్టివిటీ మీటర్ పర్వాలేదు. చలికాలం తర్వాత రోడ్లకు చల్లిన ఉప్పు వల్ల అంకె ఎలాగూ పెరుగుతుంది, చూసి కంగారు పడొద్దు. మలంలో ఉండే ఈ-కోలై బ్యాక్టీరియా పరీక్షకు ఎటూ ల్యాబ్ కావాలి.

పెట్టెలో లేనిది, నాకు అన్నిటికంటే నచ్చినది ఒకటుంది: బ్లీచ్ చేయని దూది ముక్క. బట్టల సబ్బుల్లో తెల్లదనం కోసం వేసే రసాయనం దూదికి పట్టుకుంటుంది. దాన్ని జాలీలో పెట్టి అవుట్‌ఫాల్‌లో కొన్నాళ్లు వేలాడదీసి, తర్వాత చీకటి గదిలో యూవీ లైటు కింద చూస్తే మెరుస్తుంది. మనం వెళ్లేది పొద్దున పదింటికి. ఆ ఇంట్లో వాషింగ్ మెషీన్ వేసేది రాత్రి. పొద్దున పొడిగా కనిపించే పైపును పట్టించేది ఈ దూదే. ఖర్చు దాదాపు లేదు.

ఊరి ఉప్పు, డీజిల్ లాంటివి ఉంచే మున్సిపల్ యార్డుల తనిఖీకి మాత్రం ఈ పెట్టె ఎందుకూ పనికిరాదు. అక్కడ కళ్లు కావాలి. ఉప్పు గుట్ట మీద కప్పు ఉందా, డీజిల్ పంపు దగ్గర మరకలున్నాయా, చెత్త డబ్బాలకు మూతలున్నాయా చూడాలి. మూడు నెలలకోసారైనా చూడాలని రూల్. అందులో ఒకటి వాననీరు పారుతున్నప్పుడు చేయాలి. చాలామంది ఎండ రోజు చూసుకుని ముగిస్తారు, అది తప్పు. ఊరి వాళ్లకు నోటీసులిచ్చే మనం మన యార్డును ముందు సరిచేసుకోవాలి.

హైదరాబాద్‌లో మా బాబాయి ఇది నాలాలకు పనికొస్తుందా అని అడిగారు. కూకట్‌పల్లి నాలా లాంటి చోట మురుగు కలుస్తోందని తేల్చడానికి కిట్ అక్కర్లేదు. వాననీటికీ డ్రైనేజీకీ వేర్వేరు లైన్లున్న కాలనీల్లో మాత్రం ఆ దూది పద్ధతి వాడి చూడవచ్చు.

నా సలహా, మొత్తం పెట్టె కొనకండి. అమ్మోనియా స్ట్రిప్స్, డిటర్జెంట్ టెస్ట్, టోటల్ క్లోరిన్, ఒక మీటర్, దూది, యూవీ టార్చ్ విడివిడిగా తెప్పించుకోండి. నీళ్లు తీయడానికి పొడవాటి కర్రకు బిగించిన గిన్నె కూడా కొనండి, ఎందుకంటే ఆ నీళ్లలో చెయ్యి పెట్టకూడదు. స్ట్రిప్స్‌కు ఎక్స్‌పైరీ ఉంటుంది కాబట్టి ఏడాదికి సరిపడా మాత్రమే ఆర్డర్ చేయండి.